మనమెత్తితే లేవని చెయ్యి, ఎవరెత్తినా లేవని చెయ్యి: భుజం నొప్పులపై ప్రసంగ పాఠం

(శ్రీకాకుళంలో పెద్దవాళ్లు, ఆశా కార్యకర్తలు, ఫిజియోథెరపీ విద్యార్థులు హాజరైన ఆరోగ్య సదస్సులో ఒక ఎముకల డాక్టరు చేసిన ప్రసంగం ఇది. వీలైనంత వరకు మాట్లాడినది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం.

భుజం నొప్పితో వచ్చే మనిషి మన జిల్లాలో చెప్పే మాట దాదాపు ఒకటే. "రెక్క పైకి లెగడం నేదు బాబూ." అంతే. ఆ ఒక్క మాట వెనక ఆరేడు రకాల జబ్బులు ఉండొచ్చు. చుట్టుపక్కల వాళ్లు మాత్రం అన్నిటికీ ఒకే పేరు పెట్టేస్తారు, ఫ్రోజెన్ షోల్డర్ అని. ఒకే వైద్యం కూడా చెప్పేస్తారు. గోడ మీద వేళ్లు పాకించు, చక్రం తిప్పు, నొప్పి వస్తే బిళ్ల వేసుకో. కొందరికి అది సరిపోతుంది. టెండన్, అంటే కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే తాడు, తెగినవాడికి ఆ చక్రం తిప్పడంలోనే విలువైన రెండు మూడు నెలలు పోతాయి. మొదటి దశ ఫ్రోజెన్ షోల్డర్ ఉన్నామెకు నొప్పి రెట్టింపవుతుంది. గూడ వెనక్కి జారి ఉన్నవాడికి లోపల ఎముక అరిగిపోతుంది. అందుకని ఈ పూట మందుల పేర్ల కన్నా ముందు, ఏ భుజానికి ఏమైందో కనిపెట్టడం ఎలాగో చెబుతాను.

కీలు నిర్మాణం క్లుప్తంగా. జబ్బ ఎముక పైకొన గుండ్రంగా ఉంటుంది. అది ఆనుకునే గుంట చాలా లోతు తక్కువ. చిన్న మూకుడులో కొబ్బరికాయ నిలబెట్టినట్టు ఉంటుందనుకోండి. తుంటిలాగా లోతైన గుంట కాదు కాబట్టే చెయ్యి అన్ని వైపులకూ తిరుగుతుంది, కాబట్టే తేలిగ్గా జారుతుంది కూడా. ఆ గుండ్రటి తలను గుంటకు అదిమి పట్టి ఉంచేవి నాలుగు కండరాల టెండన్లు. వీటన్నిటినీ కలిపి రొటేటర్ కఫ్ అంటాం. కీలు చుట్టూ పలచని సంచీ ఉంటుంది, దాన్ని క్యాప్సూల్ అంటాం. పైన, ఎముక కప్పుకూ టెండన్‌కూ మధ్య రాపిడి లేకుండా జారడానికి బర్సా అనే చిన్న తిత్తి ఉంటుంది. సంచీ బిగిస్తే ఫ్రోజెన్ షోల్డర్. టెండన్ చెడితే కఫ్ జబ్బు. తల గుంటలోంచి తప్పుకుంటే గూడ జారడం.

ఇంకొక్క సంగతి. చెయ్యి పూర్తిగా పైకెత్తితే 180 డిగ్రీలు. అందులో దాదాపు 120 ఈ కీలులోంచి వస్తుంది, మిగతా 60 వీపు మీది రెక్క ఎముక కదలడం వల్ల వస్తుంది. అందుకే కీలు పూర్తిగా పట్టేసిన మనిషి కూడా భుజాన్ని చెవి దాకా ఎగరేసి చేతిని కొంత లేపగలుగుతాడు. "లేస్తోంది కదా, ఏమీ లేదులే" అని మోసపోయేది ఇక్కడే.

ఇప్పుడు అందరూ ఒకసారి లేచి నిలబడండి. మోచేతులు రెండూ నడుముకు ఆనించండి. మోచేతి దగ్గర చెయ్యి 90 డిగ్రీలు మడిచి, అరచేతులు ఒకదానికొకటి ఎదురుగా పెట్టండి. మోచెయ్యి నడుము వదలకూడదు. ఇప్పుడు ముంజేతుల్ని బయటి వైపుకి తిప్పండి. మామూలు మనిషికి 50, 60 డిగ్రీల దాకా వెళ్తుంది, రెండు వైపులా దాదాపు సమానంగా. ఒక చెయ్యి మధ్యలోనే ఆగిపోయిందంటే పక్కనున్నవాళ్లు దాన్ని మణికట్టు దగ్గర పట్టుకుని మెల్లగా బయటికి తిప్పి చూడాలి. వాళ్లు తిప్పినా వెళ్లకుండా గట్టిగా అడ్డం తగిలితే లోపల సంచీ బిగిసి ఉండొచ్చు, కీలు అరిగి ఉండొచ్చు, గూడ వెనక్కి జారి ఉండొచ్చు. ఈ మూడింటినీ విడదీసేది ఎక్స్‌రే. ఫ్రోజెన్ షోల్డర్‌లో ఎక్స్‌రే మామూలుగా ఉంటుంది. ఎక్స్‌రే తీయకుండా ఆ పేరు పెట్టడం నాకు ఎంతమాత్రం ఇష్టం ఉండదు.

వాళ్లు తిప్పితే హాయిగా వెళ్లి, వదిలేయగానే చెయ్యి లోపలికి వచ్చేస్తే, లేదా వాళ్లు పైకెత్తి పెడితే నిలబడకుండా టపీమని పడిపోతే, అది టెండన్ తెగిన లక్షణం. సంచీ బాగానే ఉంది, లాగే తాడే లేదు. ఈ ఒక్క తేడా పట్టుకుంటే సగం నిర్ణయం అయిపోయినట్టే. ఆశా కార్యకర్తలు ఇది తప్పకుండా నేర్చుకోండి. రెండు నిమిషాల పని. కూర్చోండి.

ఇక ఫ్రోజెన్ షోల్డర్. నలభై నుంచి అరవై ఏళ్ల మధ్య వస్తుంది, ఆడవాళ్లలో ఎక్కువ. జనాభాలో నూటికి ఇద్దరు నుంచి ఐదుగురికి వస్తుందని లెక్క. షుగర్ ఉన్నవాళ్లలో ఇది నూటికి పది నుంచి ఇరవై దాకా పోతుంది. థైరాయిడ్ జబ్బు ఉన్నా ఎక్కువే. కాబట్టి భుజం పట్టేసిన మనిషికి ఇంతవరకు షుగర్ పరీక్ష చేయించకపోతే వెంటనే చేయించాలి. జబ్బ పట్టేసిందని వచ్చినప్పుడే షుగర్ బయటపడేవాళ్లు ఉంటారు.

దీనికి మూడు దశలు. మొదటిది నొప్పి దశ, ఆరు వారాల నుంచి తొమ్మిది నెలల దాకా. రాత్రిళ్లు నిద్ర ఉండదు, ఆ పక్కకు ఒత్తిగిల్లితే ప్రాణం పోతుంది, చెయ్యి హఠాత్తుగా కదిలితే కళ్లలో నీళ్లు తిరుగుతాయి. రెండోది బిగుసుకుపోయే దశ. నొప్పి తగ్గుతుంది, కదలిక పోతుంది. జడ వేసుకోలేరు, జాకెట్టు వెనక హుక్కు పెట్టుకోలేరు, మగవాళ్లు వెనక జేబులోంచి పర్సు తీయలేరు. మూడోది వదులయ్యే దశ, ఆరు నెలల నుంచి రెండేళ్ల దాకా నెమ్మదిగా కదలిక తిరిగి వస్తుంది. మొత్తం మీద ఒకటి నుంచి మూడేళ్ల వ్యవహారం. షుగర్ ఉన్నవాళ్లలో ఇంకా సాగుతుంది, కొందరిలో కొంత బిగువు మిగిలిపోతుంది కూడా.

దశను బట్టి వైద్యం మారాలి. మొదటి దశలో సంచీ లోపల మంట ఉంటుంది. దాన్ని బలవంతంగా సాగదీస్తే మంట పెరుగుతుంది. "నొప్పి వచ్చినా పట్టించుకోకు, గట్టిగా లాగు" అని చెప్పేవాళ్లు మంచి మనసుతోనే చెబుతారు, కానీ హాని చేస్తారు. నెదర్లాండ్స్‌లో 77 మంది మీద చేసిన అధ్యయనం ఒకటి 2004లో వచ్చింది. నొప్పి హద్దు దాటకుండా తేలికగా కదిలించినవాళ్లలో రెండేళ్లకు 89 శాతం మంది బాగా కోలుకున్నారు. నొప్పిని లెక్కచేయకుండా గట్టిగా సాగదీయించుకున్నవాళ్లలో 63 శాతమే. ఇక్కడున్న విద్యార్థులు ఈ రెండు అంకెలూ గుర్తుపెట్టుకోవాలి.

మొదటి దశలో నిజంగా పనిచేసేది కీలు లోపలికి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్. మామూలుగా ట్రయామ్సినలోన్ 40 మిల్లీగ్రాములు, దానితో మత్తు మందు కొంత. ఎంత తొందరగా ఇస్తే అంత ఉపయోగం, మొదటి నెలల్లో ఇచ్చినప్పుడు నిద్ర తిరిగి వస్తుంది, వ్యాయామం చేయగలుగుతారు. పూర్తిగా బిగిసిపోయి నొప్పి తగ్గిపోయాక ఇస్తే లాభం తక్కువ. "స్టెరాయిడా, అమ్మో" అని భయపడొద్దు. రోజూ మింగే స్టెరాయిడ్ బిళ్లల్లా కాదు ఇది. షుగర్ ఉన్నవాళ్లకు మాత్రం ఇంజెక్షన్ తర్వాత కొద్ది రోజుల పాటు షుగర్ బాగా పెరుగుతుంది. ఒక వారం రోజూ పరీక్ష చేసుకోవాలి, ఇన్సులిన్ మోతాదు గురించి షుగర్ డాక్టరుతో ముందే మాట్లాడుకోవాలి. అదుపులో లేని షుగర్‌తో, ఒంట్లో ఎక్కడైనా చీము పుండుతో ఉన్నప్పుడు ఇంజెక్షన్ వేయించుకోకూడదు. ఇంజెక్షన్ వేసిన రెండు మూడు రోజులకు జ్వరం వచ్చి భుజం ఎర్రబడి వాచిందంటే ఆ రోజే రావాలి. పదే పదే వేయించుకోవడం కూడా తప్పే. ఒకదానికీ ఇంకోదానికీ కనీసం ఆరు వారాలు, ఏడాదిలో మూడు దాటకుండా చూస్తాం.

వ్యాయామాలు. ముందు పది, పదిహేను నిమిషాలు వేడినీళ్ల సంచీ కాపడం. షుగర్ వల్ల స్పర్శ తగ్గినవాళ్లు బాగున్న చేత్తో వేడి చూసుకుని, పల్చటి తువ్వాలు చుట్టి పెట్టుకోవాలి, లేకపోతే తెలియకుండానే చర్మం కాలుతుంది. మొదటిది వేలాడదీసి ఊపడం. బాగున్న చేత్తో బల్ల పట్టుకుని నడుము దగ్గర ముందుకు వంగాలి. జబ్బు చెయ్యి కిందకి వేలాడాలి. చేతిని ఊపకూడదు, ఒంటిని ఊపాలి, చెయ్యి దానంతట అదే ఊగాలి. ముందుకూ వెనక్కూ పది, పక్కలకు పది, చిన్న సున్నాలు చుడుతూ అటు పది ఇటు పది. మొదట్లో చేతిలో బరువు పట్టుకోకూడదు.

రెండోది అన్నిటికన్నా ముఖ్యం. జనం అందరూ వదిలేసేది కూడా అదే. వెల్లకిలా పడుకోండి. జబ్బు వైపు మోచేతి కింద మడతపెట్టిన తువ్వాలు పెట్టండి, మోచెయ్యి నడుముకు ఆని ఉండాలి, 90 డిగ్రీలు మడిచి ఉండాలి. మూడడుగుల వెదురు కర్ర రెండు చేతుల్తో పట్టుకోండి. బాగున్న చెయ్యి ఆ కర్రను నెడితే జబ్బు చెయ్యి బయటికి తిరుగుతుంది. లాగుతున్నట్టు అనిపించే చోట ఆపి ఇరవై, ముప్ఫై అంకెలు లెక్కపెట్టి వదలండి. ఐదు నుంచి పదిసార్లు. ముందుగా పోయేది ఈ కదలికే, ఇది రానంతకాలం పైకెత్తడం కూడా సరిగా రాదు. గోడ మీద వేళ్లు పాకించడం ఒక్కటే చేసేవాళ్లు భుజాన్ని చెవి దాకా ఎగరేసి, రెక్క ఎముకతో పని కానిచ్చేసి, రోజురోజుకీ పైకి గీత గీసుకుని సంతోషిస్తారు. లోపలి కీలు ఉన్నచోటే ఉంటుంది. గోడ దగ్గర చేసేటప్పుడు అద్దం ఎదుట నిలబడండి, భుజం చెవి వైపు లేస్తోందేమో చూసుకోండి.

మూడోది, పడుకునే బాగున్న చేత్తో జబ్బు చేతి మణికట్టు పట్టుకుని తల మీదుగా తీసుకెళ్లడం. నాలుగోది, మోచేతిని పట్టుకుని ఎదురు భుజం వైపు ఛాతీ మీదుగా లాగడం. వీపు వెనక తువ్వాలు పట్టుకుని పైకి లాగే వ్యాయామం ఆఖరిది, నొప్పి దశ పూర్తిగా దాటాకే. మొదట్లో చేస్తే ఆ రాత్రి నిద్ర ఉండదు. రోజుకి మూడుసార్లు, పూటకి పది నిమిషాలు. చేశాక వచ్చిన నొప్పి అరగంట, గంటలో మునుపటి స్థాయికి దిగిపోవాలి. దిగకపోతే మర్నాడు సగానికి తగ్గించండి, ఆపేయొద్దు.

ఆరు నెలలు దాటినా కదలిక రాక పని ఆగిపోతే ఇంకా మార్గాలున్నాయి. కీలులోకి సెలైన్ నింపి సంచీని సాగదీయడం, మత్తిచ్చి చేతిని తిప్పడం, చిన్న రంధ్రంలోంచి దుర్బీన్ గొట్టం పెట్టి సంచీని కోసి వదులు చేయడం. బ్రిటన్‌లో 503 మంది మీద చేసిన అధ్యయనం 2020లో వచ్చింది. మత్తిచ్చి తిప్పినవాళ్లు, దుర్బీన్ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు, ఇంజెక్షన్‌తో ఫిజియోథెరపీ తీసుకున్నవాళ్లు ఏడాది తిరిగేసరికి చెప్పుకోదగ్గ తేడా లేకుండా ఉన్నారు. అందుకని ఆపరేషన్‌కు తొందరపడొద్దనే అంటాను. ఎముకలు పలచబడ్డ పెద్దవాళ్లకు మత్తులో తిప్పితే జబ్బ ఎముక విరగొచ్చు, అది కూడా తెలిసి ఉండాలి.

రెండో పెద్ద గుంపు కఫ్ జబ్బులు. చెయ్యి పక్కగా లేపేటప్పుడు మొదట బాగానే ఉండి, 60 డిగ్రీల నుంచి 120 మధ్యలో కలుక్కుమని, పైకి వెళ్లాక మళ్లీ హాయిగా ఉంటే టెండన్, బర్సా ఒత్తుకుంటున్నాయని అర్థం. పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్లు, పొందూరులో రాట్నం ముందు గంటల తరబడి కూర్చునేవాళ్లు, వల లాగేవాళ్లు, సున్నాలు, రంగులు వేసేవాళ్లలో ఇది ఎక్కువ చూస్తాం. భుజం కన్నా ఎత్తులో చెయ్యి పెట్టి చేసే పని, మోచెయ్యి ఒంటికి దూరంగా పెట్టి ఒకే కదలిక వేలసార్లు చేసే పని, ఈ రెండూ కారణం. కూర్చునే పీట రెండంగుళాలు ఎత్తు చేసి, పని వస్తువును దగ్గరకు లాక్కుని, మోచెయ్యి పక్కటెముకలకు ఆనేలా పెట్టుకుంటే కొందరికి మందు అవసరమే ఉండదు. నిచ్చెన ఇంకో మెట్టు ఎక్కి రంగు వేస్తే చెయ్యి తల పైకి వెళ్లదు.

వీళ్లకు బలం పెంచే వ్యాయామం కావాలి, సాగదీసేది కాదు. మోచెయ్యి నడుముకు ఆనించి, చెయ్యి వెనకవైపుతో గోడను పదంకెల సేపు నెట్టడం, పదిసార్లు. రెండు వారాల తర్వాత రబ్బరు బ్యాండు కిటికీ ఊచకు కట్టి బయటికి లాగడం, రెండు చేతులతో వెనక్కి లాగుతూ రెక్క ఎముకల్ని దగ్గరికి తేవడం. పదేసి, పదిహేనేసి చొప్పున మూడు దఫాలు, వారంలో మూడు రోజులు. పన్నెండు వారాలు ఓపిక పట్టాలి. మూడు వారాలకే "తగ్గలేదండీ" అని వదిలేస్తే అది వ్యాయామం తప్పు కాదు. ఇలాంటి నొప్పికి పై ఎముకను గీకే ఆపరేషన్ ఒకప్పుడు విరివిగా చేసేవారు. బ్రిటన్, ఫిన్లండ్‌లలో చేసిన పరీక్షల ఫలితాలు 2018లో వచ్చాయి. ఎముక గీకినవాళ్లకూ, దుర్బీన్ పెట్టి ఊరికే చూసి తీసేసినవాళ్లకూ పెద్ద తేడా కనబడలేదు. ఎవరైనా మీకు ఇదొక్కటే ఆపరేషన్ చెబితే, ముందు పన్నెండు వారాల వ్యాయామం అయిందా అని అడగండి.

టెండన్ తెగడం రెండు రకాలు. అరవై దాటాక అరిగి అరిగి తెగేది ఒకటి. నొప్పే లేని పెద్దవాళ్లకు ఎమ్మారై తీసినా ఇలాంటి చిరుగులు చాలామందిలో కనబడతాయి. రిపోర్టులో "టేర్" అని ఉందని హడలిపోనక్కర్లేదు, చాలావరకు వ్యాయామంతోనే సర్దుకుంటాయి. రెండోది దెబ్బ తగిలి తెగేది. నిన్నటిదాకా బాగున్న మనిషి కొబ్బరి చెట్టు మీంచి జారాడు, బండి మీంచి పడ్డాడు, ఎక్స్‌రేలో ఎముక బాగుంది, కానీ చెయ్యి లేవడం లేదు. "ఎముక విరగలేదు కదా, దెబ్బ నొప్పి, తగ్గిపోద్ది" అని పంపేస్తే పొరపాటు. రెండు వారాలకీ చెయ్యి లేవకపోతే అల్ట్రాసౌండో, ఎమ్మారైయో తీయించాలి. తెగిన టెండన్ వెనక్కి ముడుచుకుపోతుంది, కండరం క్షీణించి కొవ్వుగా మారుతుంది. ఆ మార్పు వచ్చాక కుట్టినా పట్టదు. మొదటి మూడు నెలల్లోపు, వీలైతే ఇంకా ముందే కుట్టించుకోవాలి. కుట్టాక నాలుగు నుంచి ఆరు వారాలు చేతిని మెడకు వేలాడదీసే స్లింగు, ఆ తర్వాత కదలిక, బరువు పని పన్నెండు వారాల తర్వాతే. పూర్తి బలానికి ఆరు నెలల నుంచి ఏడాది. చుట్ట, బీడీ, సిగరెట్ తాగేవాళ్లలో, షుగర్ అదుపులో లేనివాళ్లలో కుట్టు అతుక్కోకపోవడం ఎక్కువ. ఆపరేషన్‌కు ముందే మానాలి, తర్వాత మానడం కాదు.

కాల్షియం పేరుకోవడం గురించి ఒక్క మాట. ముప్ఫై నుంచి అరవై ఏళ్ల మధ్య మనిషికి దెబ్బ ఏమీ తగలకుండా ఒక్క రాత్రిలో భుజం భరించలేనంత నొప్పి పెడితే ఎక్స్‌రేలో టెండన్ మీద తెల్లటి సుద్ద ముద్ద కనబడొచ్చు. చాలావరకు దానంతట అదే కరిగిపోతుంది. నిజానికి అది కరిగే సమయంలోనే ఆ విపరీతమైన నొప్పి. పాలు, కాల్షియం బిళ్లలు దీనికి కారణం కావు, మానక్కర్లేదు.

కరణం మల్లీశ్వరి పుట్టిన ఊసవానిపేట, అటు విజయనగరం జిల్లాలో కొండవెలగాడ, ఇలాంటి ఊళ్లున్న ప్రాంతం మనది. బరువులెత్తే పిల్లలు ఎక్కువ. వాళ్లకు నొప్పి భుజం పైన, గొంతెముక (కాలర్ బోన్) చివర ఉంటే, చెయ్యి ఛాతీ మీదుగా లాగినప్పుడు అక్కడే గుచ్చితే, గొంతెముక చివర అరుగుతోందేమో చూడాలి. బెంచ్ ప్రెస్, డిప్స్ కొన్ని నెలలు మానాలి. మళ్లీ మొదలుపెట్టినప్పుడు పట్టు ఇరుకుగా పెట్టి, బారు ఛాతీకి నాలుగైదు సెంటీమీటర్ల పైనే ఆపాలి. కోచ్‌లు ఇది వినాలి.

ఇక గూడ జారడం. నూటికి 95 మందిలో ముందుకే జారుతుంది. భుజం గుండ్రటి ఆకారం పోయి పలకగా అవుతుంది, మనిషి బాగున్న చేత్తో ఆ చేతిని పట్టుకుని కదలనివ్వడు. దయచేసి అక్కడికక్కడ ఎవరూ లాగొద్దు. పడ్డ చోట కాలు చంకలో పెట్టి లాగేవాళ్లున్నారు. ఎక్స్‌రే లేకుండా లోపల ఎముక కూడా విరిగిందో లేదో తెలియదు. విరిగినదాన్ని లాగితే ముక్కలు విడిపోతాయి, చంకలోంచి పోయే రక్తనాళం, నరం తెగుతాయి. కండువాతో చేతిని ఉన్న స్థితిలోనే ఒంటికి కట్టండి, చంకకీ చేతికీ మధ్య చిన్న దిండు పెట్టండి. గాజులు, ఉంగరాలు వాపు రాకముందే తీసేయండి. టీ, అన్నం పెట్టొద్దు, ఆసుపత్రిలో మత్తు ఇవ్వాల్సి రావచ్చు. మణికట్టు దగ్గర నాడి చూడండి. జబ్బ బయటివైపు, పైన, చర్మం తాకితే తెలుస్తోందా అడగండి. అక్కడ మొద్దుబారితే నరం దెబ్బతిన్నట్టు, డాక్టరుకు చెప్పాలి. పసరు కట్టు బిగించి కట్టేస్తే చెయ్యి చల్లబడి, నల్లబడి, ప్రాణం లేకుండా పోయిన సంఘటనలు ఉన్నాయి.

గూడ ఎక్కించాక మళ్లీ ఎక్స్‌రే, తర్వాత ఒకటి నుంచి మూడు వారాలు స్లింగు. ఇరవై ఏళ్లలోపు ఆటగాళ్లకు మళ్లీ మళ్లీ జారే అవకాశం చాలా ఎక్కువ, గుంట అంచున ఉండే మెత్తటి గట్టు ఊడిపోవడం వల్ల. రెండోసారి జారితే ఎముక సర్జన్‌ని కలవాలి. ప్రతిసారీ గుంట అంచు కొంత కొంత విరుగుతుంది, ఆలస్యమైతే చిన్న ఆపరేషన్‌తో పోయేది పెద్దదవుతుంది. నలభై దాటినవాళ్లకు సమస్య వేరు. గూడ ఎక్కాక కూడా చెయ్యి లేవకపోతే టెండన్ తెగిందేమో చూడాలి.

వెనక్కి జారేది అరుదు, కానీ దొరక్కుండా పోయేది అదే. మూర్ఛ వచ్చినవాళ్లకు, పొలం మోటారు దగ్గర కరెంటు షాక్ కొట్టినవాళ్లకు కండరాలన్నీ ఒక్కసారి బిగుసుకుని తల వెనక్కి పోతుంది. ఎదురుగా తీసిన ఎక్స్‌రే ఇంచుమించు మామూలుగానే కనబడుతుంది. చెయ్యి లోపలికి తిరిగి ఉంటుంది, బయటికి ఒక్క డిగ్రీ కూడా రాదు. చూశారా, మొదట చేయించిన పరీక్ష ఇక్కడ అక్కరకొస్తుంది. ఫిట్స్, షాక్ తర్వాత భుజం పట్టేస్తే చంక వైపు నుంచి రెండో ఎక్స్‌రే అడిగి తీయించుకోండి.

పెద్దవాళ్లు బాత్రూములో పడి జబ్బ ఎముక పైభాగం విరగ్గొట్టుకుంటారు. నాలుగో రోజుకి మోచేతి దాకా, ఛాతీ మీదకి నల్లగా కమిలిపోతుంది. భయపడొద్దు, రక్తం కిందకి దిగడమే. ముక్కలు పెద్దగా కదలకపోతే ఆపరేషన్ అక్కర్లేదు. రెండు మూడు వారాలు స్లింగు, మొదటి రోజు నుంచే వేళ్లు, మణికట్టు, మోచెయ్యి కదిలించడం, డాక్టరు చెప్పాక వేలాడదీసి ఊపడం. ఆరు వారాలు కదలకుండా కట్టేసి ఉంచితే ఎముక అతుకుతుంది, భుజం పట్టేస్తుంది.

పక్షవాతం వచ్చిన మనిషి భుజం గురించి ఇళ్లలో చూసుకునేవాళ్లకు చెప్పాలి. పట్టు తప్పిన కండరాల వల్ల గూడ కిందకి దిగి ఉంటుంది. మంచం మీంచి లేపేటప్పుడు ఆ చెయ్యి పట్టుకుని లాగొద్దు, చంకలో చెయ్యి వేసి ఎత్తొద్దు. వీపు వెనక రెక్క ఎముక కింద చెయ్యి పెట్టి లేపండి. కూర్చున్నప్పుడు ఆ చేతి కింద దిండు ఉండాలి, కిందకి వేలాడకూడదు.

భుజంలో నొప్పి ఉన్నా జబ్బు భుజంలో లేనివి కొన్ని. మెట్లెక్కితే ఎడమ భుజం, దవడ లాగి, చెమట పడితే అది గుండె. 108కి ఫోన్ చేయండి. భోజనం చేశాక కుడి భుజం పైన నొప్పి వస్తే పిత్తాశయంలో రాళ్లు కావచ్చు. నొప్పి మోచెయ్యి దాటి వేళ్ల దాకా తిమ్మిరిగా పాకితే, చెయ్యి తల మీద పెట్టుకుంటే హాయిగా ఉంటే మెడ నరం ఒత్తుకుంటోంది. భుజం బాగానే కదులుతూ, మనిషి చిక్కిపోతూ, దగ్గుతూ, పొగతాగేవాడై ఉంటే ఛాతీ ఎక్స్‌రే తీయించాలి. జ్వరంతో పాటు భుజం అస్సలు కదపనివ్వకపోతే కీలులో చీము. అదే రోజు ఆసుపత్రి. నెలల తరబడి కండ కరిగిపోతూ బిగిసిపోతుంటే క్షయ కూడా గుర్తుండాలి, మన దేశంలో భుజానికి టీబీ వస్తుంది.

ఆఖరుగా మందుల సంగతి. ఉద్దానం పక్కనే ఉన్నాం మనం. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు ఎంత ఇంటింటి సమస్యో మీకు చెప్పనక్కర్లేదు. భుజం నొప్పికి మందుల షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ ఇవన్నీ కిడ్నీకి రక్తప్రసరణ తగ్గించే మందులే. ఎండలో పనిచేసి, నీళ్లు చాలక, బీపీ మాత్రలు కూడా వేసుకునే మనిషికి ఇవి మరీ ప్రమాదం. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించకుండా ఈ బిళ్ల మొదలుపెట్టొద్దు. కిడ్నీ జబ్బు తేలినవాళ్లు అసలు ముట్టుకోవద్దు. వాళ్లకు పారాసిటమాల్ మేలు, డాక్టరు చెప్పిన మోతాదులో. మామూలు పెద్దలకైనా రోజుకి మూడు గ్రాములు దాటొద్దు, మద్యం అలవాటున్నవాళ్లు, లివర్ జబ్బున్నవాళ్లు రెండు గ్రాములు. పేరూ ఊరూ లేకుండా పొట్లంలో కట్టి ఇచ్చే కీళ్ల మందుల్లో స్టెరాయిడ్ కలిసి ఉండొచ్చు. మూడు రోజుల్లో అద్భుతంగా తగ్గిందంటే ముందు అనుమానించండి.

ఏళ్ల తరబడి డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు రెండు భుజాలూ నొప్పి పెడుతుంటే, ముఖ్యంగా పడుకున్నప్పుడు, డయాలసిస్ జరుగుతుండగా ఎక్కువైతే, అమైలాయిడ్ అనే పదార్థం టెండన్ల చుట్టూ పేరుకుని ఉండొచ్చు. డయాలసిస్ డాక్టరుకే ముందు చెప్పాలి. ఫిస్టులా, అంటే డయాలసిస్ కోసం రక్తనాళాలు కలిపి చేసిన దారి, ఉన్న చేతికి బిగుతు కట్టు, బిగుతు స్లింగు వేయొద్దు, భుజం డాక్టరు దగ్గరికి వెళ్లగానే ఆ సంగతి చెప్పండి.

ఆపరేషన్ అవసరమైనవాళ్లు ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర దగ్గర ఎన్టీఆర్ వైద్య సేవలో మీకు చెప్పిన చికిత్స ఉందో లేదో ముందే అడగండి. ఎక్స్‌రే ఫిల్ములు, షుగర్, క్రియాటినిన్ కాగితాలు, ఇప్పటిదాకా వేసుకున్న మందుల స్ట్రిప్పులు ఒక సంచిలో వేసుకుని తీసుకెళ్లండి, రిపోర్టు కాగితం ఒక్కటే చాలదు. ఇంజెక్షన్ ఏ తేదీన వేశారో కూడా రాసి ఉంచుకోండి. ఈమధ్యే ఇంజెక్షన్ పడిన భుజానికి మూడు నెలలైనా ఆగి ఆపరేషన్ చేస్తాం, లేకపోతే చీము పట్టే అవకాశం పెరుగుతుంది.

ఇక్కడ కర్రలు, రబ్బరు బ్యాండ్లు పెట్టాం. భుజం నొప్పి ఉన్నవాళ్లు ఎడమవైపు వరసలోకి రండి, మోచెయ్యి నడుముకు ఆనించే పరీక్ష ఒక్కొక్కరికీ చేసి చూద్దాం. ఫిజియోథెరపీ పిల్లలు కూడా రండి, మీరే చేయాలి.